వాడికేం తెలుసు, వాడికేం దిగులు?

ఎల్.బి. నగర్ నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యవద్దన్నారు, వెయ్యడం లేదు. అందులో ముఖ్యమైన భాగం ఇది:

"డాక్టరుగారికి నమస్కారాలు. మా తమ్ముడికి 34 సంవత్సరాలు. పుట్టుకతోనే బుద్ధిమాంద్యం. చిన్న చిన్న మాటలు మాట్లాడతాడు. తన పనులు తనే చేసుకుంటాడు. కొత్తపేట పండ్ల మార్కెట్టులో మా మేనమామకు దుకాణం ఉండేది. రోజూ పొద్దున్నే మామయ్యతో వెళ్లి బత్తాయిల్లో పెద్దవి ఒక పక్కకీ, చిన్నవి ఒక పక్కకీ ఏరిపెట్టేవాడు. ఒక్క కాయ తప్పేవాడు కాడు. మార్కెట్టు బాటసింగారం తరలిపోయాక అంత దూరం తీసుకువెళ్లేవాళ్లు లేక ఇంట్లోనే ఉండిపోయాడు. నాన్నగారు ఏనాడో పోయారు. పది నెలల కిందట అమ్మ కూడా పోయింది. అప్పటినుంచి నా దగ్గరే ఉంటున్నాడు. మొదట్లో బాగానే ఉన్నాడు. ఈ నాలుగు నెలల్లో మనిషి మనిషిలా లేడు. స్నానానికి రమ్మంటే కసురుతాడు. ఇష్టమైన పప్పుచారు పోసినా సగం కంచంలోనే వదిలేస్తాడు. పాత పాటలొస్తే చప్పట్లు కొట్టేవాడు, ఇప్పుడు టీ.వీ. వైపే చూడడు. తెల్లవారుజామున మూడింటికి లేచి గేటు పట్టుకుని నిలబడతాడు. లోపలికి రమ్మని పిలిస్తే చెంపలు వాయించుకుంటాడు. రెండుసార్లు పక్క తడిపాడు. దగ్గర్లో ఒక డాక్టరుకు చూపిస్తే, 'ఇలాంటివాళ్లు ఇలాగే ఉంటారమ్మా' అని నిద్రమాత్రలు రాసిచ్చారు. ఇప్పుడు పగలంతా తూగుతున్నాడు. గేటు దగ్గర నిలబడడం మాత్రం మానలేదు. ఏదైనా హోములో చేర్పిద్దామని మావారు అంటున్నారు. వాడు దిగులు పడుతున్నాడేమోనని నాకు అనుమానం. ఆ మాటంటే మా పెద్దమ్మ, 'వాడికేం తెలుసు, వాడికేం దిగులు?' అని నవ్వింది. మీరేమంటారు?"

అమ్మా! మీ పెద్దమ్మగారి మీద గౌరవం తగ్గించుకోనక్కర్లేదు గాని, ఈ విషయంలో మీ అనుమానానికే నా ఓటు. మనిషిని చూడకుండా జబ్బు పేరు చెప్పడం వైద్యం అనిపించుకోదు. అంచేత మీ తమ్ముడికి డిప్రెషన్ ఉందని ఇక్కడ కూర్చుని తీర్పు చెప్పను. కాని మీరు రాసినవన్నీ ఒకచోట చేర్చి చూస్తే, ఆ జబ్బు ఉందేమోనని పరీక్ష చేయించి తీరవలసిన మనిషి అతను. నిద్రమాత్రలతో సరిపెట్టవలసిన మనిషి కాదు.

పెద్దమ్మగారన్న మాట ఆవిడ ఒక్కరిదే అయితే ఇంత రాయవలసిన పని లేదు. చదువుకున్న వైద్యులు కూడా అలాగే అనుకుంటారు. 1982లో అమెరికాలో రైస్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు ఒక పరీక్ష చేశారు. భయంతో సతమతమవుతున్న ఒక మనిషి వృత్తాంతం రాసి నిపుణుల చేతికిచ్చారు. కొందరికిచ్చిన కాగితంలో ఆ మనిషికి బుద్ధిమాంద్యం ఉందని చేర్చారు, మిగతా అంతా ఒకటే. ఆ ఒక్క ముక్క చేర్చినందుకే, ఆ మనిషికి మనసుకు సంబంధించిన జబ్బు ఉందని గుర్తించినవారు తగ్గిపోయారు. పెద్ద చెట్టు నీడలో చిన్న మొక్క కనబడనట్టు, పుట్టుకతో వచ్చిన లోపం నీడలో కొత్తగా వచ్చిన జబ్బు కనబడకుండా పోతోందన్నమాట. 'ఇలాంటివాళ్లు ఇలాగే ఉంటారు' అన్నప్పుడు జరిగింది అదే.

నిజానికి మన చట్టమే ఈ రెంటినీ వేరుచేసింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, మానసిక వ్యాధి అంటే ఏమిటో చెబుతూ, బుద్ధిమాంద్యం అందులోకి రాదని స్పష్టంగా రాసింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను లెక్క పెడుతూ మేధో వైకల్యాన్ని ఒకటిగా, మానసిక వ్యాధిని మరొకటిగా చూపింది. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది రాకూడదని ఎక్కడా లేదు. కాలు కుంటివాడికి జ్వరం రాదా? పైగా వీళ్లకు మనసు జబ్బులు తక్కువేమీ కాదు. గ్లాస్గో నగరంలో మేధో వైకల్యం ఉన్న 1023 మంది పెద్దవాళ్లను పరీక్షించి 2007లో లెక్క ప్రకటించారు. నూటికి 41 మందికి ఏదో ఒక మానసిక ఇబ్బంది ఉన్నట్టు వైద్యులు తేల్చారు. అందులో ప్రవర్తనకు సంబంధించినవి కూడా కలిసి ఉన్నాయి. అన్నీ డిప్రెషనే అని పొరబడకండి.

మరి డిప్రెషన్ వీళ్లలో ఎలా కనబడుతుంది?

మామూలు మనిషి 'నాకేం బాగోలేదు డాక్టరుగారూ, బతుకు మీద విసుగ్గా ఉంది' అంటాడు. మీ తమ్ముడి దగ్గర అంత మాట లేదు. మాట లేకపోతే ఒళ్లు మాట్లాడుతుంది. కడుపు నొప్పంటాడు. చిన్నదానికి కోపం తెచ్చుకుంటాడు. తనను తను కొట్టుకుంటాడు, ఎదుటివాళ్లను కొడతాడు. వచ్చిన పనులు మరిచిపోతాడు. బొత్తాలు పెట్టుకోగలిగినవాడు చొక్కా చేతబట్టుకుని నిలబడిపోతాడు, పక్క తడుపుతాడు. తెల్లవారకముందే మెలకువ వచ్చేస్తుంది. ఇష్టమైనది పెట్టినా సహించదు. కొందరు దీనికి తిరుగుడుగా మితిమీరి తింటారు, ఎప్పుడూ పడుకునే ఉంటారు.

ఇంకో చిక్కు ఉంది. ఒకతనికి ముందునుంచీ చెంప కొట్టుకునే అలవాటు ఉందనుకోండి. వారానికొకసారి జరిగేది రోజూ పదిసార్లు జరిగినా ఇంట్లో వాళ్లు 'పాత అలవాటేగా' అని ఊరుకుంటారు. సోవ్నర్ అనే అమెరికా వైద్యుడు 1986లోనే దీని గురించి హెచ్చరించాడు. అలవాటు పాతదే కావచ్చు. అది పెరిగిందా, ఎప్పటినుంచి పెరిగిందన్నదే చూసుకోవాలి. పక్కింటి అబ్బాయితోనో, పుస్తకంలో రాసిన మనిషితోనో పోల్చకండి. రెండేళ్ల కిందటి మీ తమ్ముడితో ఇప్పటి మీ తమ్ముణ్ని పోల్చండి. బత్తాయిలు ఏరిపెట్టిన మనిషి, పాటలకు చప్పట్లు కొట్టిన మనిషి ఎక్కడికి పోయాడన్నదే ప్రశ్న. అది మీరు ఇప్పటికే అడిగారు. మొదటి పరీక్ష మీ ఇంట్లోనే, మీ చేతనే అయిపోయింది.

ఆస్పత్రుల్లో డిప్రెషన్ పట్టుకోవడానికి తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటి ఉంటుంది. గడిచిన రెండు వారాల్లో ఫలానా బాధ ఎన్నిరోజులు ఉందని అడుగుతారు. రోజులు లెక్కపెట్టలేని మనిషిని ఆ ప్రశ్న అడిగి ఏం లాభం? అదీగాక వీళ్లలో చాలామందికి అడిగినదానికల్లా ఊ అనడం అలవాటు. ఊ అంటే పెద్దవాళ్లు సంతోషిస్తారని చిన్నప్పటినుంచీ నేర్చుకున్నారు. 'దిగులుగా ఉందా నాయనా?' అంటే ఊ అంటాడు. 'సంతోషంగా ఉందా?' అన్నా ఊ అంటాడు. అందుకని ఒకే సంగతిని రెండు వైపులనుంచీ అడగాలి. ఏడుపు ముఖం బొమ్మ ఒకటి, నవ్వు ముఖం బొమ్మ ఒకటి కాగితం మీద గీసి, ఈ రోజు నువ్వు ఏది అని చూపించమనాలి. మర్నాడు బొమ్మలు అటుదిటు మార్చి మళ్లీ అడగాలి. అప్పుడూ అదే చూపిస్తే ఆ జవాబుకు విలువ ఉంది.

ఇలాంటి మనుషుల కోసమే 2003లో గ్లాస్గోలో ఒక ప్రశ్నావళి తయారుచేశారు. ఆ మనిషిని అడగడానికి 20 ప్రశ్నలు, అతన్ని చూసుకునేవారిని అడగడానికి వేరుగా 16. గడిచిన వారం సంగతులే అడుగుతారు, జవాబులు లేదు, అప్పుడప్పుడు, ఎప్పుడూ అనే మూడే. మొదటి భాగంలో 13 మార్కులొస్తే లోతుగా చూడాలని నిర్ణయించారు. దీని గురించి చెప్పింది మీరు ఇంట్లో మార్కులు వేసుకోవాలని కాదు. ఎవరికి వారు తెలుగు చేసుకుని వేసుకుంటే ఆ 13కి అర్థం ఉండదు. మీరు కలిసే మానసిక వైద్యుణ్ని 'మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ప్రత్యేకంగా ఉన్న ప్రశ్నలు అడుగుతారా?' అని నోరు తెరిచి అడగడానికి చెబుతున్నాను. ఏ ప్రశ్నావళి అయినా అనుమానాన్ని తెలుపుతుందే గాని జబ్బును తేల్చదు. తేల్చవలసింది వైద్యుడే.

మీరు చెయ్యవలసింది ఒకటుంది. ఒక రూళ్ల నోటుబుక్కు కొని, 14 రోజులు రాయండి. ఎప్పుడు పడుకున్నాడు, ఎప్పుడు లేచాడు. ఎన్ని ముద్దలు తిన్నాడు. స్నానం చేశాడా, ఎంతసేపు బతిమాలవలసి వచ్చింది. చెంపలు ఎన్నిసార్లు కొట్టుకున్నాడు, సరిగ్గా ఏం జరగబోయే ముందు. ఏ ఒక్క క్షణమైనా నవ్వాడా, దేనికి నవ్వాడు. వారానికొకసారి బరువు చూడండి. పాత ఫోనుల్లో అతని వీడియోలు ఏవైనా ఉంటాయి, పెళ్లిళ్లలోవి, పుట్టినరోజులవి. ఒకటి రెండు దాచిపెట్టి డాక్టరుకు చూపించండి. 'మా తమ్ముడు ఇలా ఉండేవాడు' అని పది నిమిషాలు చెప్పినా రానిది ఆ అర నిమిషంలో వస్తుంది. అతన్ని ఇప్పుడే మొదటిసారి చూస్తున్న డాక్టరుకు, పాత మనిషిని చూపించగలిగింది మీరొక్కరే.

మనసు సంగతి తేల్చేలోపల ఒంటి సంగతి చూడాలి. పిప్పిపన్ను, చెవిలో గుబిలి, నాలుగురోజుల మలబద్ధకం చాలు మనిషి చెంపలు వాయించుకోవడానికి. థైరాయిడ్, రక్తహీనత, చక్కెర, బి12, చూపు, వినికిడి, మూత్రపరీక్ష చేయించండి. మూర్ఛకు మాత్రలు వాడుతూ ఉంటే వాటి పేర్లు తప్పక చెప్పండి. ఫినోబార్బిటోన్, లెవెటిరాసెటామ్ లాంటివి కొందరిలో చిరాకునూ దిగులునూ తెస్తాయి. ఇంకొక్క మాట, రాయడానికి మనసొప్పకపోయినా రాయాలి. ఇలాంటివాళ్లను ఎవరైనా కొట్టినా, అసభ్యంగా తాకినా చెప్పుకోలేరు. ఒంటి మీద దెబ్బలున్నాయా, ఎవరైనా ఒక మనిషి వస్తే ముడుచుకుపోతున్నాడా అన్నది గమనించండి.

ఇక మీ ఉత్తరం చివరి పేజీకి వస్తాను. అన్నిటికంటె ముఖ్యమైన సంగతి మీరు అక్కడ, ఏదో మరిచిపోయి చేర్చినట్టు రాశారు. "అమ్మ పోయిన రోజు వాడు తట్టుకోలేడని మా ఆడబడుచుగారింటికి పంపేశాం. కర్మ బాబాయి చేశారు. అమ్మ ఊరెళ్లిందని వాడికి చెప్పాం."

అమ్మా, మీ తమ్ముడు గేటు దగ్గర ఎందుకు నిలబడుతున్నాడో మీకింకా తెలియలేదా?

ఊరెళ్లినవాళ్లు తిరిగొస్తారు. రాత్రి బస్సుకు బయలుదేరినవాళ్లు తెల్లవారుజామున దిగుతారు. మొదటి ఆరు నెలలు బాగానే ఉన్నాడని రాశారు. అతను ఎదురుచూశాడు. ఇప్పుడు ఎదురుచూసి అలిసిపోయాడేమో. ఇతరులకు దుఃఖం మొదటి నెలలో వస్తే వీళ్లలో చాలామందికి ఆలస్యంగా వస్తుంది. పోయిన మనిషి ఇక రాదన్నది అర్థం కావడానికే నెలలు పడుతుంది. అర్థమైనప్పుడు ఇంట్లో మిగతావాళ్ల ఏడుపు అయిపోయి ఉంటుంది. అతనితో ఏడ్చేవాళ్లు ఎవరూ మిగలరు.

మీరు ప్రేమకొద్దీ చేశారు. నూటికి తొంభై ఇళ్లలో ఇలాగే చేస్తారు. అయినా ఇప్పుడు నిజం చెప్పాలి. తేలిక మాటల్లో చెప్పండి. 'అమ్మకు జబ్బు చేసింది. అమ్మ చనిపోయింది. ఇక రాదు. నువ్వేం తప్పు చెయ్యలేదు. నేనున్నాను.' నిద్రపోయిందని చెప్పకండి, పడుకోవడానికి భయపడతారు. దేవుడు తీసుకుపోయాడంటే గుడికి రావడానికి భయపడేవాళ్లూ ఉంటారు. ఒకసారి చెప్పి ఊరుకుంటే చాలదు, అడిగినప్పుడల్లా అదే మాట, అదే విధంగా చెప్పాలి. ఏడిస్తే ఏడవనివ్వండి. అమ్మ చీర ఒకటి అతని దగ్గర ఉంచండి. సంవత్సరీకం ఇంకా రెండు నెలలుంది కదా. ఈసారి ఎవరింటికీ పంపకండి. పటానికి దండ అతని చేత వేయించండి, దీపం అతని చేత వెలిగించండి. కొడుకు అతనే.

వైద్యం విషయం కొంచెం క్లుప్తంగా చెబుతాను. డిప్రెషన్ అని తేలితే దానికి మాత్రలున్నాయి. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు, గుణం కనబడడానికి వారాలు పడుతుంది. పది రోజులకే మానెయ్యకండి. ఇప్పుడు వాడుతున్న నిద్రమాత్రలను మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపవద్దు, వైద్యుడి సలహాతో తగ్గించుకురావాలి. అల్లరి ఎక్కువైందని బలమైన మత్తు మందులు రాస్తామంటే మాత్రం 'ఎందుకు, ఎన్నాళ్లు?' అని అడగండి. 2008లో ప్రకటించిన ఒక పరిశోధనలో, మేధో వైకల్యం ఉండి దౌర్జన్యంగా ప్రవర్తించే 86 మందిలో కొందరికి రిస్పెరిడోన్, కొందరికి హాలోపెరిడాల్, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ల కోపం కూడా బాగా తగ్గింది. మందులు వాళ్లకంటె మేలు చెయ్యలేదు.

మాత్రలతో పాటు మనిషి కావాలి, పని కావాలి. 2017లో ప్రకటించిన బ్రిటన్ పరిశోధన ఒకటుంది. మేధో వైకల్యం, డిప్రెషన్ రెండూ ఉన్న 161 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు రోజువారీ ఇష్టమైన పనులు మళ్లీ అలవాటు చేశారు. రెండో జట్టుకు చిన్న పుస్తకాలు దగ్గర కూర్చుని చదివి చెప్పారు. రెండు జట్లూ తేరుకున్నాయి, ఒకదానికంటె ఒకటి మెరుగని తేలలేదు. నాకు అందులో అర్థమైంది ఏమిటంటే, రెంటిలోనూ ఒక మనిషి క్రమం తప్పకుండా వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

పండ్ల మార్కెట్టు 2021-22లో కొత్తపేట నుంచి వెళ్లిపోయింది, ఆ స్థలాన్ని ఆస్పత్రికి ఇచ్చారు. వ్యాపారులు నష్టపోయారని పత్రికలు రాశాయి. మీ తమ్ముడికి జరిగిన నష్టం ఎవరూ రాయలేదు. పొద్దున్నే లేవడానికి ఒక కారణం, తనను పేరుపెట్టి పిలిచే పదిమంది హమాలీలు, తప్పులేకుండా చెయ్యగల ఒక పని, అన్నీ ఒక్కసారే పోయాయి. తరవాత తల్లి. మూడోది ఇల్లు మారడం. ఇప్పుడు హోములో చేర్పిస్తే అది నాలుగోది అవుతుంది. మీవారి కష్టం నాకు తెలుసు, తెల్లవారుజామున మూడింటికి లేచేది ఇంటిల్లిపాదీ కదా. కాని ఈ జబ్బుకు వైద్యం జరిగే లోపల ఆ నిర్ణయం తీసుకోవద్దని ఆయనకు నా మాటగా చెప్పండి. ఈలోగా మామయ్యగారినడిగి వారానికి ఒక బస్తా బత్తాయిలు ఇంటికి తెప్పించండి. ఏరిపెట్టనివ్వండి. మొదటి రోజు నాలుగు కాయలు ఏరినా చాలు. ఇరుగుపొరుగుకు అమ్ముకోవచ్చు కూడా.

ఎక్కడికి వెళ్లాలని అడిగారు. మీకు దగ్గరలోనే, దిల్‌సుఖ్‌నగర్ వివేకానందనగర్‌లో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ ఉంది. 1968 నుంచి బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసమే పనిచేస్తున్న సంస్థ. సికింద్రాబాదు బోయినపల్లిలో, మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థగా మొదలైంది, ఇప్పుడు పేరు మారి నీపిడ్ అంటున్నారు. మందులు రాయవలసిన మానసిక వైద్యులకోసమైతే ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక చికిత్సాలయం. ఎర్రగడ్డ అనగానే ముఖం చిట్లించుకోకండి, అది ఆస్పత్రి. 2018 నుంచి ఎల్.బి. నగర్‌లో ఎక్కిన మెట్రో రైలు మారకుండానే ఎర్రగడ్డలో దింపుతుంది. జనం తక్కువ ఉండే వేళ చూసుకుని వెళ్లండి, కిటికీ పక్కన కూర్చోబెట్టండి. ఏ సంస్థకు వెళ్లినా ముందు ఫోను చేసి వేళలు కనుక్కోండి. వెళ్లలేని రోజున 14416కు ఫోను చెయ్యవచ్చు. 2022లో మొదలైన టెలి మానస్ నంబరది, డబ్బు ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. నేషనల్ ట్రస్టువారి నిరామయ ఆరోగ్య బీమా ఉంది, లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది. వైకల్య ధ్రువపత్రం ఉంటే దరఖాస్తు పెట్టుకోండి.

అతను తిండి నీళ్లు పూర్తిగా మానేసినా, 'చచ్చిపోతా', 'అమ్మ దగ్గరికి పోతా' అన్నా 14 రోజులు ఆగవద్దు. తెలియక అన్నాడని నవ్వవద్దు. ఆరోజే ఆస్పత్రికి తీసుకువెళ్లండి.

* * *

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక తండ్రి: "మా అమ్మాయికి డౌన్ సిండ్రోమ్, వయసు 43. ఏడాదిగా మందకొడిగా ఉంటోంది, తెలిసిన దారి మరిచిపోతోంది. ఇదీ దిగులేనా?"

కావచ్చు, కాకపోవచ్చు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో థైరాయిడ్ లోపం ఎక్కువ. ముందు ఆ రక్తపరీక్ష, తరవాత కళ్లలో శుక్లాలు, చెవులు చూపించండి. రాత్రి గురకపెడుతూ ఊపిరి ఆగినట్టవుతోందా గమనించండి, అది ఉంటే పగలంతా మందంగానే ఉంటారు. నలభై దాటాక వీరిలో మతిమరుపు వ్యాధి త్వరగా మొదలయ్యే అవకాశం కూడా ఉంది. అది డిప్రెషన్‌ను పోలి ఉంటుంది, ఒక్కోసారి రెండూ కలిసే వస్తాయి. డిప్రెషన్‌కు, థైరాయిడ్‌కు మంచి మందులున్నాయి కాబట్టి వయసు మీద నెట్టేసి ఊరుకోకుండా పైన చెప్పిన నోటుబుక్కు మీరూ మొదలుపెట్టి, నెలలోపల వైద్యుడికి చూపించండి. ఒంటరిగా బయటికి పంపకండి. మీ ఫోను నంబరు రాసిన చీటీ ఆమె చొక్కా జేబులో ఉంచండి.